ఉద్యోగం మానేసి ఏడాదిపాటు ప్రపంచం చుట్టి రావాలని ఉంది. మన పాస్‌పోర్ట్‌తో అయ్యే పనేనా?

కొండాపూర్_కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

నాకు 32. ఐటీలో టెస్టింగ్ పని. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచరు. పిల్లలు, సొంతిల్లు, ఈఎంఐ ఇవేవీ మొదలవకముందే ఒక ఏడాది లోకం చూసి రావాలని కోరిక. 14 లక్షలు పక్కన పెట్టాం. మార్చిలో ఇద్దరం రాజీనామా చేసి బయలుదేరాలని ప్లాన్.

రూటు ఇదీ: బ్యాంకాక్, వియత్నాం, లావోస్, అక్కణ్నుంచి రైల్లో చైనా, తర్వాత కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, జార్జియా, చివర్లో రెండు నెలలు యూరప్. వన్‌వే టికెట్. మధ్యలో ఇంటికి రావడం లేదు. ఇంగ్లీషు వ్లాగర్లంతా ముందు టికెట్ కొనెయ్, మిగతావి దారిలో చూసుకోవచ్చు అంటున్నారు. గుంటూరులో మా నాన్నగారికి సగం చెప్పేసరికే "తిరిగొచ్చి ఏం తింటార్రా?" అన్నారు. మిగతా సగం ఇంకా చెప్పలేదు.

డబ్బు సరిపోతుందా? వీసాలు దారిలో తీసుకోవచ్చా? వచ్చాక ఉద్యోగం సంగతేంటి? తిట్టేవాళ్లు కూడా రాయండి, పర్లేదు.

జగిత్యాల_బండి

పో తమ్మీ. పెండ్లాం సరేనన్నదంటే సగం పని అయినట్టే.

స్టాంపుల_పిచ్చి

వెళ్లండి, కానీ ఆ రూటు పట్టుకుని మాత్రం కాదు. కొంచెం పెద్దగా రాస్తాను.

వన్‌వే టికెట్ సలహా జర్మనీ వాడికి పనికొస్తుంది. సరిహద్దు దగ్గర పాస్‌పోర్ట్ చూపించి నడుచుకుంటూ అవతలికి పోతాడు. మనకు దేశాలు రెండు రకాలు. దారిలో ఉండగా దొరికేవి, ఇంటి దగ్గరే తీసుకుని బయలుదేరాల్సినవి.

మొదటి రకం ఈమధ్య బాగా పెరిగాయి. కజకిస్తాన్ 2022 జులై నుంచి మనకు 14 రోజులు వీసా లేకుండా ఇస్తోంది. మలేసియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజులు ఇస్తోంది. థాయ్‌లాండ్ 2024 జులైలో వీసా లేకుండా ఉండే గడువుని 60 రోజులు చేసింది. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజులు, ఫీజు 25 డాలర్లు. ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, లావోస్ ఆన్‌లైన్‌లోనే అయిపోతాయి. ఇవన్నీ మారుతూ ఉండే రూల్స్. టికెట్ కొనే రోజున ఆ దేశపు అధికారిక సైట్ చూడండి, నా పోస్టు చూసి కొనకండి.

రెండో రకంలో చైనా, యూరప్ ఉన్నాయి. మీ రూటు చెడిపోయేది అక్కడే. షెంజెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు మాత్రమే అప్లై చేయగలం, అంతకన్నా ముందు తీసుకోరు. మీరు మార్చిలో బయలుదేరి యూరప్‌లో దిగేది మరుసటి జనవరిలో. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అప్లై చేయడానికి టైమ్ రాదు, టైమ్ వచ్చేసరికి మీరు హైదరాబాద్‌లో ఉండరు. జార్జియా రాజధాని టిబిలిసిలో అప్లై చేద్దామంటే, మామూలుగా మనం నివాసం ఉండే దేశంలోనే చేయాలి. టూరిస్టుగా వచ్చినవాణ్ని "మీ ఊరెళ్లి చేసుకో బాబూ" అంటారు. ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా వెనక్కి ఇవ్వరు.

చైనా కూడా అంతే. 2020లో ఆగిపోయిన టూరిస్టు వీసాలు 2025 జులైలో మనవాళ్లకి మళ్లీ మొదలయ్యాయి, సంతోషం. కానీ ఒక్క ఎంట్రీ వీసా మామూలుగా ఇచ్చిన మూడు నెలల్లోపు వాడుకోవాలి. థాయ్‌లాండ్, వియత్నాం తీరిగ్గా తిరిగి లావోస్ చేరేసరికి దాని గడువు అయిపోతుంది. లావోస్ రైలు మాత్రం బాగుంటుంది. వియెంటియాన్ నుంచి కున్‌మింగ్ దాకా, 2021 డిసెంబర్‌లో మొదలైంది. చైనా వీసా లేకపోతే సరిహద్దు ఊరు బోటెన్ దాకా వెళ్లి వెనక్కి రావడమే.

అందుకని మన పాస్‌పోర్ట్‌కి ఒకటే పెద్ద చుట్టు పనికిరాదు. ఇంటి నుంచి వెళ్లి రెండు మూడు నెలలు తిరిగి, ఇంటికొచ్చి తర్వాతి వీసా తీసుకుని మళ్లీ బయలుదేరాలి. దీన్ని ఓటమి అనుకోకండి. అలా తిరిగేవాళ్లే ఎక్కువ కాలం తిరుగుతున్నారు.

కొండాపూర్_కుర్రాడు

అంటే వన్‌వే టికెట్ గోవిందా? :( అదే కదా అసలు థ్రిల్లు.

స్టాంపుల_పిచ్చి

వన్‌వే టికెట్‌తో వెళ్తే మొదటి థ్రిల్లు శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే. "రిటర్న్ ఏది సార్?" అని అడుగుతారు. నన్ను ఒక దేశపు ఇమిగ్రేషన్‌లో పక్క గదిలో కూర్చోబెట్టి హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్, ముందుకెళ్లే టికెట్ అన్నీ చూశారు. నా పక్కన కూర్చున్న పంజాబీ అబ్బాయిని వెనక్కి పంపేశారు. అన్నీ కాగితం మీద ప్రింట్ తీసుకెళ్లండి. ఆ గదిలో ఫోన్ తీయనివ్వరు.

లెక్కల_మాస్టారు

బాబూ, రిటైరైన లెక్చరర్ని. నీ లెక్క ఒకసారి చూద్దాం.

14 లక్షలూ ఖర్చు పెట్టేస్తే తిరిగొచ్చాక ఇంటి అడ్వాన్సుకి కూడా ఉండదు. మూడు లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టు. మిగిలిన 11 లక్షలు 365 రోజులకి పంచితే ఇద్దరికీ కలిపి రోజుకి మూడు వేల చిల్లర. అందులోనే విమానాలు, వీసాలు, ఇన్సూరెన్సు. వియత్నాంలో, ఉజ్బెకిస్తాన్‌లో గెస్ట్‌హౌస్‌లలో ఉంటే గట్టెక్కుతారు. యూరప్‌లో ఆ మూడు వేలు గది అద్దెకి కూడా చాలదు.

ఇంకొకటి. ఉద్యోగం మానేసిన రోజు నుంచి కంపెనీ ఆరోగ్య బీమా ఉండదు. నాన్నగారు కూడా అందులోనే ఉన్నారా? అయితే రాజీనామాకి చాలా ముందే ఆయనకి విడిగా పాలసీ తీసుకో. ముందునుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. నువ్వు సమర్‌కండ్‌లో ఫొటోలు దిగుతుండగా ఇక్కడ ఆయనకి స్టెంట్ పడితే ఆ మూడు లక్షలు ఏ మూలకి?

వెళ్లొద్దని కాదు నేననేది. సెలవు పెట్టి తిరగడం మనకేం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేస్తూ, 1830 మే 18న కాశీకి బయలుదేరి మరుసటేడు సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. పల్లకీలు, బోయీలు, వెంట వందమంది దాకా జనం. వెళ్లేటప్పుడు కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్లారు. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ, శ్రీకాకుళం, రాజమండ్రి మీదుగా వచ్చారు. ఏ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయో, ఏ దినుసు దొరుకుతుందో అన్నీ రాసుకున్నారు. నన్నడిగితే మన మొదటి ట్రావెల్ వ్లాగరు ఆయనే. వందమంది ఖర్చు లెక్క ఎలా చూసుకున్నారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

జగిత్యాల_బండి

మాస్టారూ, లెక్కలు మంచిగనే ఉన్నయి కానీ అన్నీ కుదిరినంక పోదామంటే ఎవ్వడూ పోడు.

నేను దుబాయ్‌ల ఏండ్లకేండ్లు ఉన్న. విదేశం పోవుడు వేరు, లోకం చూసుడు వేరు అని అక్కడనే తెలిసింది. క్యాంపు, బస్సు, సైటు, మళ్ల బస్సు. శుక్రవారం బట్టలు పిండుకునుడు, ఇంటికి ఫోను. రోడ్డుకు అవుతల సముద్రం ఉన్నదని తెలుసు, చూడలే. ఊరికి వచ్చి ఎలక్ట్రికల్ దుకాణం పెట్టినంకనే తిరుగుడు మొదలువెట్టిన. దుకాణం తమ్మునికి అప్పజెప్పి ఏటా నవంబర్ల బండి మీద పోత. నేపాల్‌కు వీసా లేదు. సునౌలి సరిహద్దు దగ్గర బండికి భన్సార్ (కస్టమ్స్) కాగితం రాపిచ్చుకోవాలె, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు పైసలు కట్టాలె. ఆర్సీ మన పేరు మీద ఉంటే లొల్లి లేదు. పోఖరా దాటి ముక్తినాథ్ దాకా బండి పోతది. రోడ్డా, వాగా అని అడగొద్దు. అక్కడ 108 ధారల కింద తలకాయ పెట్టి గజగజ వణుకుతున్న ముసలాయన "ఏ ఊరు నాయనా?" అనె. కరీంనగర్ ఆయననే!

14 లక్షలు లేకున్నా అడ్వెంచర్ అయితది అని చెప్తున్న.

గోదారి_గట్టు

జగిత్యాల అన్నకి ఒక సెల్యూట్.

కొండాపూర్ గారూ, నేను ఆడపిల్లని, ఒక్కదాన్నే తిరుగుతాను. ఫ్రీలాన్స్‌గా సబ్‌టైటిళ్లు రాస్తాను. మధ్య ఆసియా నాకు అరచేతిలో ఉన్నట్టే కాబట్టి దాని గురించి చెప్తాను.

ముందు సీజన్. ఉజ్బెకిస్తాన్‌కి ఏప్రిల్, మే మంచివి. జూన్ చివరి నుంచి నలభై రోజులు అక్కడ "చిల్లా" అంటారు, మన రోహిణి కార్తెలాగే. బుఖారాలో మధ్యాహ్నం కుక్క కూడా బయటికి రాదు. అప్పుడు కిర్గిజ్‌స్తాన్ కొండలెక్కాలి. జులై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా అక్కడ స్వర్గం. కరకోల్ ఊరు నుంచి ఆలా-కుల్ సరస్సుకి నడక మొదలుపెడితే మూడు రోజుల పని. సరస్సు 3,500 మీటర్ల పైన ఉంటుంది, దాని మీది కనుమ ఇంచుమించు 3,900. దిగిన వైపు ఆల్తిన్ అరషాన్‌లో వేడినీటి గుంటలుంటాయి. కనుమ నుంచి దిగేటప్పుడు రాళ్లు జారతాయి, కర్రలు లేకుండా వెళ్లకండి.

రైళ్లలో నాలుగు బెర్తుల కూపే తీసుకోండి. ప్రతి పెట్టె చివరా ఒక పెద్ద బాయిలర్ ఉంటుంది, ఇరవై నాలుగ్గంటలూ సలసల కాగే నీళ్లు. నా బ్యాగులో ఎప్పుడూ అమ్మ వేయించి, తాలింపు వేసి, జీడిపప్పు కలిపి ఇచ్చిన ఉప్మా రవ్వ ఉంటుంది. స్టీలు డబ్బాలో మూడు గరిటెలు రవ్వ, ఆ నీళ్లు, మూత, ఐదు నిమిషాలు. తాష్కెంట్ రైల్లో ఎదురు బెర్తు ముసలావిడ వాసన చూసి డబ్బా లాక్కున్నంత పని చేసింది. ఒక చెంచా తిని, తన సంచిలోంచి గుండ్రటి రొట్టె తీసి సగం తుంచి ఇచ్చింది. ఆ రొట్టెని "నోన్" అంటారు, మధ్యలో పువ్వు ముద్ర ఉంటుంది. ఇద్దరికీ ఒక్క ముక్క భాష తెలియదు, అయినా రాత్రంతా కబుర్లే.

భద్రత గురించి అడుగుతారు కాబట్టి: కొత్త ఊళ్లో చీకటి పడ్డాక దిగను, అంతే. మొదటి రాత్రి గదికి కక్కుర్తి పడను.

స్టాంపుల_పిచ్చి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నాదీ చుట్ల పద్ధతే. వెళ్తాను, ఇంటికొస్తాను, పని చేస్తాను, మళ్లీ వెళ్తాను. కొచ్చిలో టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు గుర్తున్నారా? రోజువారీ సంపాదనలోంచి కొంత దాచి, చాలనిదానికి అప్పు చేసి, తిరిగొచ్చి టీ అమ్మి అప్పు తీర్చి, మళ్లీ బయలుదేరేవారు. 2021 నవంబర్‌లో ఆయన పోయేనాటికి 26 దేశాలు చూశారు. వాళ్లు కొట్టు ఏనాడూ అమ్మేయలేదు. "మానేసి వెళ్లాలి" అన్న ఆలోచనే నాకు అనుమానం.

డాలస్_తెలుగోడు

అందరూ అమెరికా వాళ్లు హ్యాపీగా తిరుగుతారనుకుంటారు. హెచ్1బీ మీద ఉన్నవాడు దేశం దాటాలంటే ముందు వీసా స్టాంపింగ్ టెన్షన్. ఇంతకుముందు మెక్సికోకో కెనడాకో వెళ్లి వేయించుకునేవాళ్లం. 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో నివాసముండే దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లాలంటున్నారు. మా ఫ్రెండ్స్‌లో సగంమంది నేషనల్ పార్కులు తప్ప ఏమీ చూడలేదు.

ఒక్క లాభం మాత్రం ఉంది. పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో, జార్జియా లాంటి చోట్లకి విడిగా వీసా అక్కర్లేదు. మీ కంపెనీ ఎప్పుడైనా బీ1 (అమెరికా బిజినెస్ వీసా) ఇప్పించి ఉంటే చూసుకోండి, పదేళ్లది అయ్యుంటుంది.

సముద్రపు_మెకానిక్

విశాఖ. ఓడలో ఇంజనీర్ని. మీరంతా కోరుకునే జీవితం నాదే అని చుట్టాలంతా అంటారు, అందుకని నవ్వొస్తోంది.

పనామా కాలువలో ఓడని మెట్లు మెట్లుగా 26 మీటర్లు పైకెత్తి గటూన్ సరస్సులోకి వదులుతారు. వందేళ్ల కిందటి ఇంజనీరింగ్. దాటినన్ని సార్లూ నేను కింద ఇంజన్ రూమ్‌లో స్టాండ్‌బైలో ఉన్నాను. బయట అడవి, మొసళ్లు అని పైనున్న డెక్కు కుర్రాళ్లు చెప్తే వినడమే. రేవుల్లో కూడా ఇప్పుడు కంటైనర్ ఓడ కొన్ని గంటలకి మించి ఆగదు. ప్రపంచమంతా చుట్టాను, చూసింది మాత్రం రేవు గేటు పక్కన సిమ్ కార్డులు అమ్మే కొట్లు.

కానీ ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది సెలవు. నాలుగు నుంచి ఆరు నెలల కాంట్రాక్టు అయ్యాక మూడు నెలలు పూర్తిగా నావి. జీతం రాదు, ఫోనూ రాదు. లోకం చూసింది ఆ నెలల్లోనే. జీవితాన్ని డిజైన్ చేసుకోవడం అంటే నాకు ఇదే: ఏటా కొన్ని నెలలు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా ఉండేలా పని కుదుర్చుకోవడం. ఒక్కసారి ఏడాదంతా తిరిగొచ్చి తర్వాత ముప్పైఏళ్లు ఆ ఫొటోలు చూసుకుంటూ కూర్చోవడం నాకైతే వద్దు.

కొండాపూర్_కుర్రాడు

మెకానిక్ అన్నా, ఆ చివరి వాక్యానికి మా ఆవిడ పక్కనుంచి చప్పట్లు కొడుతోంది. తనే రాస్తానంటోంది.

కొండాపూర్_కుర్రాడు (ఆవిడ)

నమస్తే అండీ. ఆ రూటు నేను వెయ్యలేదని మొదటే మనవి :) నాకు యూరప్ అక్కర్లేదు. ఈఫిల్ టవర్ ముందు నిలబడాలని నాకు ఎప్పుడూ లేదు. నడవాలి, కొండలెక్కాలి. మలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మా క్లాసులో పిల్లలకి ఆ పేపర్ కటింగ్ చూపించాను. అప్పట్నుంచీ ఉంది. తను మొదట ఎక్కడం నేర్చుకుంది మన భువనగిరి గుట్ట మీదే. ఇంతకాలం హైదరాబాద్‌లో ఉండి మేం ఆ గుట్టకి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

టీచర్లకి ఒక సుఖం ఉంది. ఏప్రిల్ చివర్లో మానేసినా జూన్ 12న బడి తెరిచేలోపు ఏదో ఒక స్కూల్లో దొరుకుతుంది. ఈయనకే కష్టం.

రెండు ప్రశ్నలు. నేను గుడ్డు కూడా తినను, కిర్గిజ్‌స్తాన్‌లో బతుకుతానా? కొండల మీద కళ్లు తిరిగితే ఎలా?

గోదారి_గట్టు

అక్కా, తిండి నిజంగా కష్టమే, అబద్ధం చెప్పను. గుడారాల్లో మాంసమే. రొట్టె, మీగడ, జామ్, టీతో రోజులు గడుస్తాయి. అందుకే రవ్వ. కొండ దిగి రాజధాని బిష్కెక్ వస్తే మన మెడికల్ స్టూడెంట్ల కోసం నడిచే మెస్‌లు ఉన్నాయి, అన్నం పప్పు దొరుకుతుంది. ఉజ్బెకిస్తాన్‌లో ఖీవా వైపు "షివిత్ ఓషి" అని సోయకూరతో చేసే పచ్చటి నూడుల్స్ ఉంటాయి, పైన వేసే కూరలో మాంసం వద్దని ముందే చెప్పాలి. జార్జియాలో మీకు పండగే. వాళ్ల చర్చి ఉపవాస రోజుల్లో "సమార్ఖ్వో" భోజనం అంటే పాలు, గుడ్డు, మాంసం ఏవీ ఉండవు. ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే చాలు. రాజ్మా లాంటి గింజలు కూరి కాల్చే "లోబియాని" రొట్టె నేనైతే మూడు పూటలా తింటాను.

స్టాంపుల_పిచ్చి

ఎత్తు గురించి నేను చెప్తానమ్మా. 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటుకన్నా ఈరోజు పడుకునే చోటు 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. పగలు ఎంతెత్తు ఎక్కినా పర్లేదు, పడుకోవడానికి కిందికి దిగాలి. తలనొప్పి, వాంతి వస్తే పైకి వెళ్లడం ఆపేయండి, తగ్గకపోతే కిందికి దిగండి. నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ నడిచేటప్పుడు తోరోంగ్ లా కనుమ 5,416 మీటర్లు. దానికి ముందు మనాంగ్‌లో అందరూ ఒకరోజు ఆగేది ఇందుకే. అక్కడి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ డాక్టర్లు సీజన్‌లో మధ్యాహ్నాలు దీని మీద క్లాసు చెప్తారు, తప్పకుండా వినండి.

ట్రావెల్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు ట్రెక్కింగ్ ఎన్ని మీటర్ల దాకా కవరవుతుందో చదవండి. చాలా పాలసీల్లో అసలు ఉండదు.

డిగ్రీ_అయిపోయింది

అన్నలూ, నాకు 23. బీకాం. డబ్బుల్లేవు. నాలాంటోడికి ఏమైనా దారి ఉందా లేక 14 లక్షలు దాచేదాకా ఆగాల్సిందేనా?

స్టాంపుల_పిచ్చి

తమ్ముడూ, మాలో ఎవరికీ లేనిది నీకుంది, వయసు. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా ఏటా వెయ్యిమంది భారతీయులకి ఇస్తోంది. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకి, లాటరీ పద్ధతి. అక్కడ పని చేసుకుంటూ ఏడాది తిరగొచ్చు. బ్రిటన్‌లో యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ కూడా లాటరీనే, అదే వయసు, డిగ్రీ ఉండాలి, రెండేళ్లు. దానికి ఖాతాలో 2,530 పౌండ్లు చూపించాలి. పేరు రాకపోతే మళ్లీ వేయి. లాటరీలో పేరు తెప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే అది మోసమే.

టూరిస్టు వీసా మీద వెళ్లి హాస్టల్లో పని చేస్తూ ఉండిపోవడం వీడియోల్లో బాగుంటుంది. చాలా దేశాల్లో అది కూడా పని కిందకే వస్తుంది, దొరికితే వెనక్కి పంపుతారు.

మోడరేటర్

పైన ఒక కన్సల్టెన్సీ వాళ్ల పోస్టు తీసేశాను. "గ్యారంటీ షెంజెన్" అని రాస్తే అకౌంటే ఉండదు.

లెక్కల_మాస్టారు

అమ్మాయీ, నీ ప్లాన్ మీ ఆయన ప్లాన్‌కన్నా గట్టిగా ఉంది. బాబూ, రాజీనామాకి ముందు జీతం లేని సెలవు అడిగి చూశావా? అడగడానికి ఖర్చేం లేదుగా.

కొండాపూర్_కుర్రాడు

వారం తర్వాత అప్‌డేట్.

అడిగాను మాస్టారూ. మూడు నెలల దాకా జీతం లేని సెలవు మా హెచ్ఆర్ పాలసీలోనే ఉందట. మా మేనేజరుకే తెలియదు, ఆయన నాకన్నా ఆశ్చర్యపోయాడు. ప్రాజెక్టు రిలీజ్ అయ్యాక మే రెండో వారం నుంచి ఇస్తానన్నాడు. బీమా కొనసాగుతుంది.

మొదటి చుట్టు ఇలా అనుకుంటున్నాం. మేలో ఉజ్బెకిస్తాన్, తర్వాత కజకిస్తాన్ మీదుగా కిర్గిజ్‌స్తాన్, జులైలో ఆలా-కుల్, మళ్లీ కజకిస్తాన్‌లోని అల్మాటీ నుంచి ఇంటికి. ఆవిడ జులై అయ్యాక స్కూలు వెతుక్కుంటుంది. వియత్నాం వచ్చే సంక్రాంతి సెలవులకి. యూరప్ ఎప్పుడో తెలియదు, నాకింకా ఉంది ఆ కోరిక, తనకి లేదు. చైనా రైలు నేను వదలను. నాన్నగారికి "మూడు నెలలు లీవ్" అని చెప్తే "దానికింత గొడవెందుకురా" అన్నారు.

కజకిస్తాన్‌లో రెండుసార్లు అడుగుపెడితే ఆ 14 రోజులు ఎలా లెక్కేస్తారు? వెళ్లేటప్పుడు వారం, వచ్చేటప్పుడు పది రోజులు ఉండాలని ఉంది.

స్టాంపుల_పిచ్చి

ప్రతిసారీ 14 రోజుల దాకా ఉండొచ్చు, 180 రోజుల్లో అన్నీ కలిపి 42 దాటకూడదు. మీకు సరిపోతుంది. బిష్కెక్ నుంచి అల్మాటీకి బస్సులో వస్తే కోర్దాయ్ సరిహద్దు దగ్గర సామానుతో సహా దిగి నడిచి దాటాలి. బస్సు అవతల ఆగుతుంది, దాని నంబరు ఫొటో తీసుకోండి. అన్నీ ఒకేలా ఉంటాయి.